అష్టాచెమ్మా పంటల ఆట: ఏఐకి ఏది అప్పగించాలి?

ప్రశ్న (ఏలూరు): అష్టాచెమ్మాను పిల్లల కోసం పంటల ఆటగా మార్చాం. చెమ్మా పడితే కాలవ నీళ్ల కార్డు, అష్టా పడితే తుపాను కార్డు తీయాలి. ఐదుసార్లు గవ్వలు వేస్తే ఒక తుపాను వస్తుందని చాట్‌జీపీటీ లెక్క చెప్పింది. ఆడి చూస్తే అంత తరచుగా రావట్లేదు. ఎందుకు?

జవాబు: 1, 2, 3, 4, 8 అనే ఐదు పందేలూ సమానంగా పడతాయని అది అనుకుంది. గవ్వలు అలా పడవండీ. వెల్లకిలా పడ్డ గవ్వలెన్నో అదే పందెం: నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4). నాలుగూ బోర్లా పడితే మాత్రం అష్టా (8). నాలుగు గవ్వలు పడే తీరులు మొత్తం 16. వాటిలో ఒకటి 4 తీరుల్లో, రెండు 6 తీరుల్లో, మూడు 4 తీరుల్లో పడతాయి. చెమ్మాకి ఒక్కటే తీరు, అష్టాకీ ఒక్కటే. అంటే తుపాను 16 పందేలకు ఒకసారి.

ఇది కూడా గవ్వ బోర్లా, వెల్లకిలా సమానంగా పడితేనే. నిజం గవ్వ ఏదో ఒక పక్కకు మొగ్గుతుంది. గవ్వ వెల్లకిలా పడే అవకాశం నూటికి 40 అనుకోండి. అప్పుడు అష్టా సుమారు 8 పందేలకు ఒకసారి, చెమ్మా 39 పందేలకు ఒకసారి పడతాయి. అందుకే కార్డులు రాసే ముందు మీ గవ్వలనే 100 సార్లు వేసి, ప్రతిసారీ ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాసుకోండి. అన్నీ కూడి 400తో భాగిస్తే మీ గవ్వల లెక్క దొరుకుతుంది.

‘ఆట ఎలా ఉంటుంది’ అని చాట్‌బాట్‌ను అడిగితే అది ఆడి చెప్పదు, నమ్మేలా రాస్తుంది, అంతే. దాని చేత పైథాన్ ప్రోగ్రామ్ రాయించి, పదివేల ఆటలు నడిపించండి. పై లెక్కను, మీ నియమాలన్నిటినీ ఇచ్చి, ‘నేను చెప్పని నియమం కావాల్సి వస్తే అడుగు, ఊహించి రాయకు’ అని తప్పక చేర్చండి. ఈ మాట లేకపోతే గుర్తు వేసిన ఇంట్లో కాయను చంపవచ్చా, చంపితే ఇంకో పందెం ఉందా లాంటివి మీకు చెప్పకుండానే తేల్చేస్తుంది. మొదటి ఆటను పందెం పందెంగా అచ్చు వేయించి, బోర్డు మీద కాయలు జరుపుతూ సరిచూడండి. తప్పులు దాదాపు అక్కడే బయటపడతాయి.

ఇంకో సరిచూపు: ఐదు బై ఐదు బోర్డులో కాయ పండాలంటే, అంటే నడిమి ఇంటికి చేరాలంటే, 24 ఇళ్లు నడవాలి, నాలుగు కాయలకు 96. మొగ్గు లేని గవ్వలకు సగటు పందెం రెండున్నర. కాబట్టి చంపుడు, కార్డులు తీసేసి నడిపితే ఒక్కొక్కరికి 40కి కాస్త అటూ ఇటూగా పందేలు రావాలి. 20 అనో 90 అనో వస్తే ప్రోగ్రామ్‌లో ఏదో తప్పుంది.

ఆట సాగదీతగా ఉందో లేదో మాత్రం ప్రోగ్రామ్ చెప్పలేదు. పిల్లలు ఎక్కడ దిక్కులు చూస్తున్నారో పక్కన కూర్చుని గమనించాల్సిందే.

ప్రశ్న (వరంగల్): బోర్డు బొమ్మ ఏఐతో గీయిస్తే గళ్లు వంకరపోతున్నాయి, తెలుగులో వత్తులు చెదురుతున్నాయి, అచ్చు మసకగా ఉంది.

జవాబు: బోర్డు మొత్తం ఒకే బొమ్మగా అడగకండి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో 55 మిల్లీమీటర్ల గళ్లు మీరే గీయండి. 27.5 సెంటీమీటర్ల బోర్డు ఏ3 కాగితంలో సరిపోతుంది. 1024 పిక్సెళ్ల బొమ్మను అంత వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 95 చుక్కలే వస్తాయి, కావాల్సింది 300. ఒక్కో గడికి ఒక్కో బొమ్మ చేయిస్తే 650 పిక్సెళ్లు చాలు. ‘అక్షరాలు వద్దు’ అని చెప్పి, పేర్లను నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో పైన మీరే టైపు చేయండి.

కార్డులు 63 బై 88 మిల్లీమీటర్లు పెట్టుకుంటే ఏ4లో 9 వస్తాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) ఆర్ట్ కార్డు వాడండి. తెరమీద మెరిసే ఆకుపచ్చ అచ్చులో వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి మొదట ఒక్క షీటే వేయించండి.

ప్రశ్న (అనంతపురం): అట్ట మీద అంటించిన బోర్డు మర్నాటికి విల్లులా వంగింది.

జవాబు: జిగురు తడి ఒక పక్కనే ఆరి, కాగితం అట్టను లాగింది. వెనక కూడా అదే మందం కాగితం అంటించి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి. మడత బోర్డు కావాలంటే అచ్చును మడవకండి, మడత దగ్గర రంగు పగులుతుంది. అట్టను రెండుగా కోసి, 3 మిల్లీమీటర్ల సందు వదిలి, వెనక కాలికో గుడ్డతో (పుస్తకాల బైండింగ్‌కు వాడే నూలు గుడ్డ) కలపండి.