సీసాలో ఉన్నది పువ్వేనా?

పోయిన నెల అత్తర్ల గురించి ఏదో మాటల్లో రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి నలుగురి ప్రశ్నలు తీసుకున్నాను. కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి: గుంటూరు దగ్గర మసాలా దినుసుల సారం తీసే ఫ్యాక్టరీ ల్యాబులో 28 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మధ్యలో ఒకసారి మార్చి నెలలో ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్ళి, అత్తరు బట్టీల దగ్గర పది రోజులు కూర్చుని చూశాను. ఆ పది రోజులూ ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి.

మా తాతగారి పెట్టెలో గులాబీ అత్తరు సీసా దొరికింది. నలభై ఏళ్ళ నాటిది. అడుగున నాలుగు చుక్కలున్నా ఇంకా ఘుమఘుమలాడుతోంది. మొన్న చార్మినార్ దగ్గర గులాబీ అత్తరే 10 మి.లీ. 250 రూపాయలకి కొన్నాను. గంటలో వాసన పోయింది. నేను మోసపోయానా?
*– ఓ పాఠకురాలు, వరంగల్*

అమ్మా, ముందు మీ తాతగారి సీసాలో ఏముందో చెబుతాను. అది తెలిస్తే రెండో సీసా సంగతి మీకే అర్థమవుతుంది.

కన్నౌజ్‌లో నేను చూసిన బట్టీకి తెల్లవారగానే గులాబీల బస్తాలు దిగేవి. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు వేసి, నీళ్ళు పోసి, మూతపెట్టి, ఆవిరి ఎక్కడా పోకుండా మూత చుట్టూ దూది కలిపిన బంకమట్టి మెత్తుతారు. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఒకటి పక్కనున్న నీళ్ళతొట్టిలోకి దిగుతుంది. ఆ నీళ్ళలో మునిగి ఉన్న పొడుగుమెడ రాగి పాత్ర పేరు భప్కా. పూల ఆవిరి దాంట్లోకి చేరి చల్లబడుతుంది. అయితే ఆ భప్కా ఖాళీగా ఉండదు. అందులో ముందుగానే చందనం నూనె పోసి ఉంచుతారు.

మంట కట్టెలదే. థర్మామీటరు లేదు, గేజీ లేదు. బట్టీ చూసే పెద్దాయన తొట్టి అంచున గొంతుక్కూర్చుని, నీళ్ళలో చెయ్యిపెట్టి మాటిమాటికీ భప్కాని తడుముతూ ఉండేవాడు. నన్నూ పెట్టి చూడమన్నాడు. నా చేతికి వేడి ఒక్కటే తెలిసింది. ఆయనకి లోపల ఎంత దిగిందో తెలిసింది. నిండిందనుకోగానే తడిగుడ్డ తీసుకుని డేగ్ మీద రుద్ది ఆవిరి తగ్గించి, భప్కా మార్చేశాడు. కొలిచి చూస్తే గానీ ఏదీ నమ్మని ఉద్యోగం నాది. ఆ రోజు మాత్రం ఆయన చేతినే నమ్మాను.

భప్కా చల్లారాక నీళ్ళు అడుగున, నూనె పైన తేరుతాయి. అడుగునున్న చిల్లు తీసి నీళ్ళు వదిలి, వాటినే మళ్ళీ డేగ్‌లో పోస్తారు. మర్నాడు కొత్త పూలు, అదే చందనం. ఇలా పది పదిహేను రోజులు. చందనం నూనె త్వరగా ఆవిరయ్యేది కాదు. గులాబీని గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతుంది. మీ తాతగారి సీసా ఇన్నేళ్ళు నిలబడిందంటే అందుకే. మంచి చందనం మీద తీసిన అత్తరు పాతబడేకొద్దీ దాని వాసన మెత్తబడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. కిలో గులాబీ నూనె రావాలంటే మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. చందనం నూనె కిలో లక్ష దాటి చాలా కాలమైంది. అంటే మీరు కొన్నంత సీసాలో పట్టే చందనం నూనె ఒక్కటే వెయ్యి రూపాయల పైమాట. అందులో ఒక్క గులాబీ రేకైనా పడకముందు ధర అది! చందనం ఖరీదు పెరిగాక చాలామంది దాని బదులు పెట్రోలియం నుంచి తీసే లిక్విడ్ పారాఫిన్ లాంటివి వాడుతున్నారు. అది వాసనని పట్టి ఉంచలేదు. మీ 250 రూపాయల సీసాలో ఉన్నది ఫ్యాక్టరీలో తయారైన గులాబీ వాసన వేసిన నూనె. అలా చెప్పి అమ్మితే నాకు ఏ పేచీ లేదు. దానికి అత్తరని పేరు పెడితేనే మనసు కష్టపెట్టుకుంటాను.

ఈసారి కొనేటప్పుడు తెల్ల కాగితం ముక్క మీద చుక్క వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. వెంటనే, రెండు గంటలకి, మర్నాడు పొద్దున, మూడుసార్లు వాసన చూడండి. అసలుది మూడుసార్లూ మూడు రకాలుగా ఉంటుంది. ముందు పువ్వు, తర్వాత కాస్త తేనె, చివరికి సానమీద అరగదీసిన గంధం. నకిలీది మొదట గుప్పున కొట్టి, తర్వాత జిడ్డు మరకే మిగులుతుంది.

కలిపినదల్లా నకిలీ అని మాత్రం అనుకోకండి. షమామా లాంటి అత్తర్లలో ఎన్నో మూలికలు, సుగంధ ద్రవ్యాలు కలుస్తాయి, గొప్పగా ఉంటాయి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. పదహారు ద్రవ్యాల నుంచి నాలుగేసి తీసుకుంటే 1820 కలయికలు వస్తాయని అందులో లెక్కకట్టాడు. మంజిష్ఠ లాంటి దినుసులు వేసిన నూనెను ఎండలో కాచి సంపెంగ వాసన రప్పించే యోగం కూడా చెప్పాడు. కలపడం మన పెద్దల విద్యే.

తాతగారి సీసాని వెలుతురు తగలకుండా అలాగే ఉంచండి. ఒంటికి రాయకండి. దూదికి కాస్త అద్ది పట్టుచీరల మడతలో, బట్టకి తగలకుండా చిన్న డబ్బాలో పెట్టండి.

మా పెరట్లో మల్లెలు విరగబూస్తాయి. కుక్కర్‌కి గొట్టం తగిలించి మల్లె అత్తరు తీయబోతే ఉడికిన ఆకుకూర వాసన వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?
*– ఓ పాఠకుడు, తెనాలి*

బాబూ, ముందు ఆ కుక్కర్ పని మానేయండి. పూరేకులు గొట్టానికి అడ్డం పడితే ప్రమాదం.

మల్లె వేడికి ఓర్చుకోదు. గులాబీకి, మొగలికి ఆవిరి సరిపోతుంది గానీ మల్లె ఉడికితే దాని వాసనే మారిపోతుంది. పైగా మల్లెమొగ్గ కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది. రాత్రి విచ్చుకుంటూ వాసన వదులుతూనే ఉంటుంది. అందుకని దాన్ని మరిగించకుండా, వదిలినదాన్ని పక్కనే ఉండి పట్టుకోవాలి. ఆ పని నువ్వులు చేస్తాయి.

మా అమ్మ చేసిన పద్ధతి ఇది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు బాగా ఆరినవి తీసుకోవాలి. సాయంత్రం వెడల్పాటి పళ్ళెంలో తడిలేని గుడ్డ పరిచి ఒక పొర నువ్వులు, ఒక పొర విచ్చుకోబోతున్న మొగ్గలు, మళ్ళీ నువ్వులు. పైన పల్చటి గుడ్డ కప్పాలి. పొద్దున్నే జల్లెడ పట్టి పూలు తీసేసి, నువ్వుల్ని నీడన ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టడంలో అశ్రద్ధ చేస్తే పూల తడికి బూజు పట్టేస్తుంది. సాయంత్రం మళ్ళీ కొత్త మొగ్గలు. ఇలా పది రోజులు. పదో రోజు నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలితే మల్లెపూలు తిన్నట్టే ఉంటుంది. అప్పుడు గానుగ ఆడించాలి. మా అమ్మ గానుగ దగ్గరే నిలబడి, మన నువ్వులకి ముందు వేరే గింజ వేయలేదు కదా అని రెండుసార్లు అడిగేది. ఆవనూనె వాసన తగిలితే పది రోజుల పనీ పోయినట్టే.

పెద్ద ఎత్తున అయితే తమిళనాడులో మల్లెల్ని ద్రావకంతో, అంటే వాసనని తనలో కరిగించుకునే ద్రవంతో, కడిగి సారం తీసి విదేశీ పెర్ఫ్యూమ్ కంపెనీలకి పంపుతారు. అది ఇంట్లో చేసే పని కాదు.

పిల్లల చిప్స్ ప్యాకెట్ మీద పాప్రికా ఒలియోరెసిన్, 160సి అని ఉంది. అదేదో కెమికల్ అని మా ఆడపడుచు అంటోంది. అప్పట్నించీ ఒకటే టెన్షన్.
*– ఓ పాఠకురాలు, విజయనగరం*

అమ్మా, ఇది నా జీవితమంతా చేసిన పని. అది మిరపకాయ. మిరపకాయలోని ఎరుపు. 160సి అన్నది ఆ రంగుకి ఇచ్చిన నంబరు.

మీరు రోజూ పోపులో చేసేదే ఇది. నూనెలో ఎండుమిర్చి వేస్తే నూనె ఎర్రబడుతుంది, వాసన, కారం అందులోకి దిగుతాయి. నీళ్ళలో వేస్తే అంత దిగదు. ఎందుకంటే మిరప రంగు, కారం రెండూ నూనెలో కరిగే గుణం ఉన్నవి. ఫ్యాక్టరీలో నూనె బదులు హెక్సేన్ లాంటి ద్రావకంతో మిరపపొడిని కడుగుతారు. తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేసి వెనక్కి తీసేస్తారు. అడుగున మిగిలే చిక్కటి ఎర్రటి జిగురే ఒలియోరెసిన్. ద్రావకం పూర్తిగా పోయిందా లేదా అన్నది చూడటమే మా ల్యాబు ముఖ్యమైన పని. అమెరికా నిబంధన ప్రకారం పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళకి మించి హెక్సేన్ మిగలకూడదు. ఆ లెక్క తేలేదాకా డ్రమ్ము గేటు దాటేది కాదు.

కారం, రంగు వేర్వేరు. కారం సారానికి తేజ రకం కావాలి. రంగుకి కారం తక్కువగా, ఎరుపు ఎక్కువగా ఉండే కాయ మంచిది. వరంగల్ చపాటా మిర్చి అలాంటిదే. టమాటా మిర్చి అని కూడా అంటారు, దానికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది. మీ ప్యాకెట్‌లో ఉన్నది రంగు సారం.

కారం సారం ఎంత గట్టిదో నాకు ఒంటిమీద తెలుసు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, గ్లవ్‌కి చిన్న చిల్లు ఉందని చూసుకోలేదు. బఠాణీగింజంత అంటుకుంది. కుళాయి కింద అరగంట చెయ్యి పెట్టినా మంట తగ్గకపోగా వేళ్ళ సందుల్లోకి పాకింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. షిఫ్టులో పనిచేసే ఒకావిడ నన్ను పక్కకి లాగి, వేరుసెనగ నూనె ఒంపి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నూనె ఒంపి, ఆ తర్వాత సబ్బుతో కడిగింది. పది నిమిషాల్లో ఊపిరి తీసుకోగలిగాను. పచ్చిమిర్చి తరిగి చేతులు మండితే మీరూ అదే చేయండి. ముందు నూనె, తర్వాత సబ్బు. కంట్లో పడితే మాత్రం నూనె పోయకండి, నీళ్ళతో కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఆవిరి మీద తీసే నూనెకీ, ఇలా కడిగి తీసే సారానికీ తేడా ఉంది. ఆవిరి మీద తీసిన మిరియాల నూనె వాసన చూస్తే అచ్చం మిరియమే, నాలుక మీద వేస్తే ఘాటు ఉండదు. ఘాటుకి మూలమైన పైపరిన్ ఆవిరితో పైకి లేవదు, పిప్పిలోనే ఉండిపోతుంది. ద్రావకంతో కడిగితే రెండూ వస్తాయి.

ఇక చిప్స్ విషయం. 160సి గురించి దిగులు వద్దు. అందులోని ఉప్పు, నూనె గురించి ఆలోచించి వారానికి ఒక ప్యాకెట్‌తో సరిపెట్టండి.

బిర్యానీలో వేసే కేవడా అంటే మన మొగలిపువ్వేనా? మొగలి అత్తరు వేయొచ్చా?
*– ఓ పాఠకుడు, కాకినాడ*

మొగలిపువ్వే. మీకు దగ్గర్లోనే, ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల గంజాం జిల్లా తీరంలో ఆ పని బాగా జరుగుతుంది. మగచెట్టు పొత్తులే వాసన ఇస్తాయి. తెల్లవారుజామున కోసి ఆలస్యం లేకుండా డేగ్‌లోకి చేరుస్తారు. గంజాం కేవడాకి జీఐ కూడా ఉంది.

అత్తరు వేయకండి, అందులో ఏ నూనె ఉందో మనకి తెలియదు. ఆహారంలో వాడటానికని రాసి ఉన్న కేవడా నీళ్ళు కొనండి. ఎసెన్స్ అని ఉంటే అది పువ్వు నుంచి తీసింది కాకపోవచ్చు. కిలో బియ్యానికి ఒక చెంచా చాలు. దమ్ము పెట్టే ముందు పైపొర మీద చిలకరించి వెంటనే మూత పెట్టేయండి. ముందుగా వేస్తే ఆవిరితో వాసనంతా పోతుంది.