ఓరుగల్లు నుంచి తాడ్వాయి అడవి దాకా: బయల్దేరే ముందు ఈ ఉత్తరం చదువు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. శనివారం పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిల్లా చూసి, మధ్యాహ్నానికి రామప్ప, సాయంత్రానికి లక్నవరం, రాత్రికి తాడ్వాయి. ఆదివారం పొద్దున అడవి, రాత్రికి ఇల్లు. కాగితం మీద అన్నీ పట్టాయి. కానీ మీ ఎనిమిది మందిలో నీ స్నేహితురాలి అమ్మానాన్నలున్నారు, ఆరేళ్ల పిల్ల ఉంది. ఇన్నిసార్లు ఎక్కి దిగితే వాళ్లకు గుర్తుండేది వ్యాను సీటే.

ముప్పై ఏళ్లు ఈ జిల్లాలో పిల్లలకు చరిత్ర చెప్పాను. ఏటా చలికాలంలో వాళ్లను ఈ దారిలోనే తిప్పాను. రిటైరయ్యాక కూడా చుట్టాలో స్నేహితులో వస్తే వెంట ఉండి చూపిస్తున్నాను. అందుకే చనువుగా చెప్తున్నా, శుక్రవారం సెలవు పెట్టి మూడు రోజులు చెయ్యి.

ఇంకో మాట. పట్నం ఒక యాత్ర, అడవి ఇంకో యాత్ర అన్నట్టు రాశావు. ఇక్కడ అట్ల కాదు. కాకతీయులు ఊరు కట్టినచోట చెరువు తవ్వించారు, చెరువు దగ్గర గుడి కట్టించారు. రామప్ప చెరువు, లక్నవరం, పాకాల, గణపసముద్రం, అన్నీ వాళ్ల కాలానివే. ఇప్పటికీ వాటి కింద పొలాలు పండుతున్నాయి. హన్మకొండలో మొదలుపెట్టి ఆ చెరువులు పట్టుకుని పోతే అడవిలోకి తేలుతావు. ఈ యాత్రకు దారి చూపేది నీళ్లే. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేలకపోతే ఈ మాట గుర్తు తెచ్చుకో.

శుక్రవారం పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగండి, పెద్దవాళ్లకు అదే సుఖం. వ్యాను ఇక్కడ మాట్లాడి పెడతాను. ముందు వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించింది, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒక్కటే గుడి. ఎదురుగా ఉన్న కల్యాణమండపాన్ని రాయి రాయి విప్పదీసి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. నా ఉద్యోగం చివరి ఏళ్లలో పిల్లలకు అక్కడ ఉత్త రాళ్ల కుప్పలే చూపించాను. ఇప్పుడు స్తంభాల మధ్య నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది. మధ్యాహ్నం తిని పడుకోండి. ఖిల్లాకు నాలుగింటికి పోతే చాలు. ఎండ వాలుతుంటే తోరణాల బూడిదరంగు రాయి మీద వెలుగు మారుతుంది, పైన కూర్చున్న రాతి హంసలు అప్పుడే స్పష్టంగా కనపడతాయి. కోట లోపల ఇంకా ఊరుంది, పొలాలున్నాయి, బర్రెలు ఇళ్లకు మళ్లుతుంటాయి. 1323లో ప్రతాపరుద్రుడితో రాజ్యం పోయింది కానీ కోటలో కాపురాలు పోలేదు. ఇది మీ ఉత్తరాది స్నేహితులకు తప్పకుండా చెప్పు.

రెండోరోజు రామప్ప. ఇక్కడే నువ్వు ఎక్కువసేపు ఆగాలి, ఇక్కడే అందరూ తొందరపడతారు. హన్మకొండ నుంచి గంటన్నర దారి. తొమ్మిదిలోపు గుళ్లో ఉండాలి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒక ఏడు ఏప్రిల్ చివర్లో ఒక బృందాన్ని మిట్టమధ్యాహ్నం తీసుకుపోయాను. చెప్పులు బయట విడిచి ఆ బండల మీద ప్రదక్షిణ చేసిన పెద్దావిడకు అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆమె పల్లెత్తు మాట అనలేదు. తప్పు మాత్రం పూర్తిగా నాదే. అప్పటినుంచి అక్టోబర్ నెలాఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలో తప్ప ఎవరినీ రమ్మనను. అప్పుడైనా సరే, పెద్దవాళ్లకు మందం సాక్సులు తెమ్మను.

గైడు లేకుండా రామప్ప చూడొద్దు. గేటు దగ్గర దొరుకుతారు, కానీ లోపలికి పోయేముందే డబ్బు మాట తేల్చుకో, ఎంతసేపు ఉంటాడో అడుగు. ఒక సంగతి మొదలే చెప్పు: "అన్నా, అన్నీ చూపించకు. నీకు బాగా ఇష్టమైనవి నాలుగు చూపించు." ఈ మాట అంటే అప్పజెప్పే పాఠం ఆపి మనిషి మనసు విప్పుతాడు. ఇటుకలు నీళ్లలో తేలతాయనీ, పునాదిలో ఇసుక పోశారనీ ఎట్లాగూ చెప్తాడు, అవి నిజమే. బరువు తగ్గడానికి శిఖరానికి తేలిక ఇటుక వాడారు, అదురు తట్టుకోవడానికి కింద ఇసుక నింపారు. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలోనే భూకంపం పుట్టింది, తీవ్రత 5.3. మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. నాకు ముందు గుర్తొచ్చింది రామప్ప గుడే. 1213లో రేచర్ల రుద్రుడు నిలబెట్టిన గుడి అట్లాగే నిలబడి ఉంది.

మదనికలు, అంటే చూరు కింద నిలబడ్డ నల్లరాతి ఆడబొమ్మల దగ్గర అందరూ ఎత్తుమడమల చెప్పు వేసుకున్న బొమ్మను ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు లోపలి స్తంభాల దగ్గరికి రండి. నల్లరాయిని అద్దంలా నునుపు చేసి, అంచుల్లో సూదిమొన దూరేంత సన్నని బెజ్జాలు తొలిచారు. గైడు చీపురుపుల్లో దారమో దూర్చి చూపిస్తాడు. నేను మాత్రం చిన్నపిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి, ఆ బెజ్జం వెనక వేలుపెట్టి, ఇవతలనుంచి గోరు కనపడుతుందా చూడమనేవాణ్ణి. ఒక్కో పిల్ల పావుగంట కదిలేది కాదు. మీ ఆరేళ్ల పిల్లకూ అట్లాగే చూపించు. రాయి మీద తట్టనివ్వకు, సరిగమలు పలుకుతాయని చెప్పి కొందరు తట్టిస్తారు, వద్దను. ఇక్కడి నాట్యభంగిమలు చూసే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. మీలో నాట్యం తెలిసినవాళ్లుంటే వాళ్లకు ఇంకో అరగంట ఇవ్వు.

ఆ తర్వాత చెరువు కట్ట మీద కూర్చుని టిఫిను డబ్బాలు విప్పండి. హోటల్ కోసం వెతకొద్దు. లక్నవరంలో వేలాడే వంతెన దాటి, కాసేపు ఆగి, పొద్దుగూకేలోపు తాడ్వాయి చేరాలి. అడవిలో చీకటి తొందరగా పడుతుంది.

తాడ్వాయిలో కాటేజీలు ముందే బుక్ చెయ్యి. అడవి లోపలికి నడవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, వెంట అక్కడి కోయ కుర్రాడు ఒకడు ఉండాలి. పట్నం గైడును ఇక్కడికి తేవద్దు, ఎంత చదువుకున్నవాడైనా ఈ మట్టి మీద జాడ చదవలేడు. పులి కనపడుతుందని ఎవరికీ ఆశ పెట్టకు. దుప్పి, నెమలి, అడవిపంది కనపడితే అదృష్టం. కానీ గుర్తులుంటాయి. ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు ఇప్పచెట్టు దగ్గర ఆగి, బెరడు మీద నాలుగు గీతలు వేలితో తడిమాడు. ఎలుగుబంటి గోళ్లు. పక్కనే తవ్వేసిన చెదలపుట్ట, మట్టి ఇంకా తడిగా ఉంది. "రాత్రిదే సారూ" అన్నాడు. మా గుంపులో ఒక్కరు మాట్లాడలేదు. మాట్లాడకుండా అట్లా నిలబడిన ఆ రెండు నిమిషాల కోసమే నేను మళ్లీ మళ్లీ పోతాను.

2024 ఆగస్టు చివర్లో పెద్ద గాలి వచ్చి ఈ అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఆ జాగా మీద మీ కళ్లు పడతాయి. ఆ కుర్రాణ్ణి అక్కడ ఆపి అడగండి. ఆ చెట్లు ఏవో, ఎవరెవరికి ఏం ఇచ్చేవో వాడు చెప్తాడు.

తేవాల్సినవి: టార్చి, మూసుకునే బూట్లు, రాత్రికి స్వెట్టరు, వేసుకునే మందులు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోమని అందరికీ చెప్పు, తేళ్లుంటాయి. స్పీకర్లు ఇంట్లోనే వదిలెయ్యండి. మేడారం జాతర ఏడాదైతే మాఘమాసంలో ఈ వైపు రావద్దు, అది వేరే యాత్ర, దానికి వేరే మనసుతో రావాలి.

మూడోరోజు పొద్దున దామరవాయి గుట్ట మీది రాక్షస గుళ్లు చూపిద్దామని ఉంది. కాకతీయులకంటే ఎంతో ముందటి రాతి సమాధులవి. కానీ ఎక్కాలి. నీ స్నేహితురాలి అమ్మానాన్నల మోకాళ్లు ఎట్లున్నాయో ఈ వారంలో కనుక్కుని చెప్పు. కష్టమైతే ఆ పూట వాళ్లతో నేను పాకాల చెరువుకు పోతాను, మీరు గుట్టకు పోండి. పెద్దమ్మ సకినాలు, సర్వపిండి కట్టిస్తానంటోంది. కారం తక్కువ తినేవాళ్లు ఎంతమందో కూడా రాయి.

మీ పెద్దనాయన
హన్మకొండ