ఢిల్లీకి వెళ్లే అల్లుడికి

ధర్మాబాద్

అల్లుడికి మామ దీవెనలు.

లోక్‌సభ టికెట్ ఇస్తామని పార్టీవాళ్లు ఇంటికి వచ్చి వెళ్లారట, గెలిస్తే మంత్రి పదవి కూడా చూస్తామన్నారట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊళ్లో సగం మంది వద్దంటున్నారని కూడా చెప్పింది. నేను మాత్రం వెళ్లమనే అంటాను. మోండా మార్కెట్ ముందు రోడ్డు మీద కూర్చుని ధర అడిగినవాడు ఆ ధర ఖరారయ్యే చోటికి వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ మన రైతు సంఘాన్ని జేబులో వేసుకుని వెళ్లకు. నామినేషన్ వేసే లోపే అధ్యక్ష పదవి వదిలెయ్యి. నీ మాట వినేవాళ్లకు కాకుండా, నిన్ను నిలదీసేవాళ్లకు దాన్ని అప్పగించు. పంట బీమా మీటింగులో నీ లెక్క తప్పని అందరి ముందు లేచి చెప్పిన ఉమ్రి వైపు ఆవిడ ఉంది కదా, నా మనసులో ఉన్నది ఆమే. ఆ రోజు నీకు కోపం వచ్చిందని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను.

సంఘం పని అడగడం, సర్కారు పని జవాబు చెప్పడం. ఒకే మనిషి పొద్దున అడిగి సాయంత్రం జవాబు చెబితే ఊళ్లో ఎవరూ నమ్మరు. ఇది మన మహారాష్ట్రలో కళ్లారా చూశాం. స్వాభిమాని శేత్కరీ సంఘటన అనే రైతు సంఘం నుంచి సదాభావూ ఖోత్ గారు 2016లో రాష్ట్ర మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లో పుణతాంబా ఊరి నుంచి రైతుల సమ్మె లేచింది. రైతులు ఒక వైపు, మంత్రిగా ఆయన ఇంకో వైపు. ఆగస్టుకల్లా స్వాభిమాని సంఘం ఆయన్ను బయటికి పంపింది, దాని అధినేత రాజు శెట్టి గారు ఎన్డీఏ నుంచే తప్పుకున్నారు. ఎవరిది తప్పని నేను తేల్చను. సంఘానికి, పదవికి మధ్య గోడ ముందే కట్టి ఉంటే ఆ చీలిక అంత చేదుగా ఉండేది కాదు.

శేత్కరీ సంఘటన అనే మొదటి సంఘం పెట్టిన శరద్ జోషి గారి సభలకు పోయిన కాలం నుంచి ఈ పని చూస్తున్నవాణ్ని. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం మానుకుని వచ్చి, పుణె దగ్గర చాకణ్‌లో ఉల్లి ధర కోసం రైతుల్ని రోడ్డెక్కించిన మనిషి ఆయన. దానం వద్దు, పంటకు ధర ఇవ్వండి అనేది మాకు ఆయన నేర్పిన పాఠం. 1994లో సొంత పార్టీ పెట్టారు, 2004లో రాజ్యసభకు వెళ్లారు. అదే ఏడాది రాజు శెట్టి గారు విడిపోయి వేరుగా ఆ స్వాభిమాని సంఘం పెట్టుకున్నారు. అంత పెద్ద మనిషి ఉండగానే సంఘం ముక్కలైందంటే, మన తాలూకా సంఘం ఏపాటిది? జాగ్రత్తపడాలి.

ఇంకో సంగతి. ధర్నాకు వచ్చిన జనమంతా ఓట్లేస్తారని లెక్క వేసుకోకు. మూడు సాగు చట్టాలను కేంద్రం వెనక్కి తీసుకునేలా ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్న నాయకుల్లో కొందరు 2022లో పంజాబ్ ఎన్నికల్లో నిలబడ్డారు. ఒక్క సీటూ రాలేదు. బల్బీర్ సింగ్ రాజేవాల్ గారికి డిపాజిట్ కూడా దక్కలేదు. రైతు సోయా ధర కోసం నీ వెంట వస్తాడు, ఓటు దగ్గరికి వచ్చేసరికి కులం, ఊరు, పార్టీ, కొడుకు ఉద్యోగం అన్నీ చూసుకుంటాడు. ఆ మనిషి మీద కోపం పెట్టుకోవద్దు.

ఇక పదవి మాట. మంత్రి పదవి ఇస్తామంటే ముందు ఏ శాఖ అని అడుగు. వ్యవసాయ శాఖ అనగానే పొంగిపోవద్దు. 2025-26కి సోయా మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. దాన్ని ధరల కమిషన్ సిఫారసు చేస్తుంది, కేంద్ర మంత్రుల కమిటీ ఖరారు చేస్తుంది. కానీ మన మోండాలో పలికే ధరను ఆ కాగితం ఒక్కటే నడిపించదు, బయటి నుంచి వచ్చే సరుకు మీది సుంకం కూడా నడిపిస్తుంది. ముడి వంటనూనెల మీద 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచిన దిగుమతి సుంకాన్ని 2025 మేలో 10కి దించారు. అదే ఏడాది ఆగస్టులో, పత్తి ఏరడానికి ఇంకా నెలో రెండు నెలలో ఉందనగా, పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆ ఉత్తర్వులు ఆర్థిక శాఖ నుంచి వస్తాయి. కాబట్టి సహాయమంత్రి కుర్చీ కన్నా పార్లమెంటులో ఆర్థిక లేదా వాణిజ్య స్థాయీ సంఘంలో సభ్యత్వం నీకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

మామూలు ఎంపీకి ఉండి మంత్రికి లేనివి కొన్ని ఉన్నాయి. ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసిచ్చి ప్రశ్న అడగవచ్చు, శుక్రవారం సొంతంగా బిల్లు పెట్టవచ్చు. మంత్రి అయిన రోజున అవి రెండూ పోతాయి. 1970 తర్వాత ప్రైవేటు సభ్యుడి బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు, నిజమే. అయినా రాజు శెట్టి గారు 2018లో రుణవిముక్తి మీద, గ్యారంటీ ధర మీద బిల్లులు పెట్టారు కాబట్టే ఆ డిమాండ్లు పద్ధతి ప్రకారం కాగితం మీదికెక్కాయి.

నువ్వు అక్కడ సాధించాల్సినవి చాలావరకు చిన్న కాగితాలే. కొనుగోలు కేంద్రం నీకు కొత్త కాదు. సోయా సంచిలోంచి పిడికెడు తీసి తేమ కొలిచే మీటరులో పోస్తారు, 14 శాతం చూపిస్తుంది. 12 దాటిందని పక్కకు నెట్టేస్తారు. రైతు బండి అద్దె మీద నష్టపోయి, సాయంత్రానికి అదే సరుకు అడ్తి (కమిషన్ వ్యాపారి) దగ్గర దొరికిన ధరకు దించి వస్తాడు. 2024లో కేంద్రం ఆ తేమ పరిమితిని 15 దాకా సడలించింది. కానీ ఎప్పుడు? నవంబరులో. దీపావళి ఖర్చులకు చిన్న రైతు అప్పటికే అమ్మేసుకున్నాడు. ఆ ఒక్క ఉత్తర్వు అక్టోబరు మొదటి వారంలో వచ్చేలా చూడగలిగితే, పదవిలో ఉండి ఏం చేశావని నిన్నెవరూ అడగరు.

మన మాట చెల్లకపోతే ఎప్పుడు దిగిపోవాలో ఇప్పుడే తేల్చుకో, సంఘానికి రాసి ఇవ్వు. హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ గారు సాగు బిల్లుల మీద 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రి పదవి వదిలేశారు. మన నిడుబ్రోలు రైతు నాయకుడు రంగా గారు సహకార సేద్యం తీర్మానం నచ్చక 1959లో కాంగ్రెస్‌నే వదిలి స్వతంత్ర పార్టీ అధ్యక్షుడయ్యారు. కుర్చీలో కూర్చున్నాక ఆలోచిద్దామనుకుంటే, ఇంకో నెల చూద్దాం, ఈ సమావేశాలు అయ్యాక చూద్దాం అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉంటారు.

గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గురించి చాలా జాగ్రత్తగా మాట్లాడు. ధర్మాబాద్‌లో మైకు పట్టుకుంటే గేట్లు మన ఇష్టమని అనాలనిపిస్తుంది, చప్పట్లు కూడా పడతాయి. కానీ 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. కింద తెలంగాణలో శ్రీరాంసాగర్ ఆయకట్టులో నీ పెద్దమ్మ కొడుకుల వరి కూడా ఉంది. మన రైతు అసలు బాధ ఏమిటంటే, వానాకాలమంతా నీళ్లు కళ్ల ముందే పోతాయి, గేట్లు దించాక నదిలో పెద్దగా మిగలదు. దీన్ని కేంద్ర జల సంఘం ప్రతినిధి, రెండు రాష్ట్రాలవాళ్లు ఉండే పర్యవేక్షణ కమిటీ ముందు లెక్కలతో పెట్టాలి. తెలుగువాళ్ల ఓట్లు, మరాఠీవాళ్ల ఓట్లు అని విడగొట్టి ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషిని దగ్గరికి రానీయకు. సోయా ధర పడిపోయినప్పుడు ఇద్దరికీ ఒకేలా పడిపోయింది.

డబ్బు సంగతి టూకీగా చెబుతాను. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. అడ్తీల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఒక్క రూపాయి తీసుకోవద్దు. రేపు కాంటాలో మోసం గురించి నువ్వు అడగాల్సింది వాళ్లనే. పార్టీ ఇచ్చినది, ఊళ్లు ఇచ్చినది, అంతే. సరిపోకపోతే బ్యానర్లు తగ్గించు.

అన్నిటికన్నా ముందు నీ కేసులు. రాస్తారోకోల్లో పెట్టినవి, కలెక్టరేట్ ముట్టడిలో పెట్టినవి, నువ్వే మరిచిపోయినవి అన్నీ అఫిడవిట్‌లో రాయాలి. ఒక్కటి దాచినా ఎదుటివాడు కోర్టుకు వెళ్తాడు. ఏ కేసులోనైనా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వమే పోతుంది. వాయిదాలకు వెళ్లక వారంట్లు పడినవి ఏమైనా ఉంటే నామినేషన్ లోపే రద్దు చేయించుకోవాలి. పెండింగ్ కేసుల వివరాలు పేపర్లలో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి, దానికీ ఖర్చు ఉంటుంది. పోలీస్ స్టేషన్ వారీగా నంబర్లు రాసి, ఎఫ్ఐఆర్ కాపీలు దొరికినన్ని జత చేసి ఈ వారంలోనే పంపు. వకీలు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

మీ మామ