ఫ్యూజు కాపాడేది వైరును: కారు ఆడియో, రివర్స్ కెమెరాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా పాత కారులో టచ్ స్క్రీన్ స్టీరియో, డిక్కీలో నాలుగు ఛానళ్ల ఆంప్లిఫయర్ పెట్టించాను. ఆంప్లిఫయర్‌కు కరెంటు స్టీరియో వైరు నుంచే తీసుకున్నారు. పాట గట్టిగా పెడితే 15 ఆంపియర్ల ఫ్యూజు పోతోంది. దాని స్థానంలో 30 ఆంపియర్లది వేసుకోమని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. వేయవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దయచేసి వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే ఈ రోజే తీసేసి, పాత 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించి, ఆంప్లిఫయర్ వైరును అక్కడి నుంచి విడదీసి కొనకు టేపు చుట్టించండి. ఫ్యూజు ఉన్నది స్టీరియోను కాపాడడానికని చాలామంది అనుకుంటారు గాని, అది ముఖ్యంగా కాపాడేది తన తరువాత ఉన్న వైరును. కారు తయారీదారులు స్టీరియోకు వేసిన సన్నని వైరు ఎంత కరెంటును భరించగలదో చూసుకునే ఆ ఫ్యూజు విలువను నిర్ణయిస్తారు. అదే వైరు మీద 30 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, వైరు కాగి, పైతొడుగు కరిగి, డాష్‌బోర్డు వెనుక మంట మొదలైనా ఫ్యూజు మాత్రం కదలకుండా ఉండవచ్చు.

లెక్క చూడండి. ఛానలుకు 50 వాట్ల చొప్పున 200 వాట్లు ఇచ్చే ఏబీ తరగతి (క్లాస్ ఏబీ) అనే రకం ఆంప్లిఫయర్, తాను తీసుకున్న కరెంటులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే స్పీకర్లకు పంపి, మిగిలింది వేడిగా వదిలేస్తుంది. అంటే పూర్తి సామర్థ్యంతో పనిచేసేటప్పుడు దానికి సుమారు 360 వాట్లు కావాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల దగ్గర కాబట్టి, ఆంప్లిఫయర్ ఒక్కటే 25 ఆంపియర్ల దాకా లాగుతుంది. మీ ఫ్యూజు పోవడం లోపం కాదు, అది తన పని తాను చేస్తోంది.

ఆంప్లిఫయర్‌కు బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా వేరే వైరు రావాలి. ఈ స్థాయికి 8 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి వైరు సరిపోతుంది, 30 ఆంపియర్ల ఫ్యూజు వేయవలసింది ఆ వైరు మీద. ఆ ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఉండాలి. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. ఫ్యూజును డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కన పెడితే, దారి పొడవునా ఎక్కడ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా బ్యాటరీ శక్తి అంతా అక్కడే పడుతుంది. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు బుష్ లేకుండా వైరు లాగనివ్వకండి. చవక కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు వస్తుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అంతే మందంలో అది రాగి మోసేంత కరెంటు మోయలేదు.

ఎర్త్ వైరు కూడా అంతే మందంగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించిన చోట బోల్టుతో బిగించాలి, అయితే సీటు బెల్టు బోల్టును మాత్రం ఇందుకు వాడకూడదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడం మరువవద్దని చెప్పండి.

ప్రశ్న: రివర్స్ గేరు వేస్తే కెమెరా బొమ్మ వణుకుతోంది. కెమెరా మార్చినా అదే తీరు. కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకున్నారు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కెమెరాలో దోషం ఉండకపోవచ్చు. ఇటీవలి కార్లు కొన్నింటిలో రివర్స్ లైటుకు కరెంటును కంప్యూటరు నిలకడగా కాక, వేగంగా ఆపుతూ వదులుతూ పంపుతుంది. బల్బులో ఆ తేడా కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1 ఆంపియర్ ఫ్యూజుతో కెమెరాకు కాసేపు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. బొమ్మ నిలిస్తే కారణం అదేనని తేలినట్టు. అప్పుడు ఫిల్టర్ (ఆగుతూ వచ్చే కరెంటును నిలకడగా చేసేది) ఉన్న రిలే (చిన్న కరెంటుతో మరో లైనును కలిపే స్విచ్) వేయించండి: లైటు వైరు రిలేను పనిచేయించడానికి మాత్రమే ఉపయోగపడాలి, కెమెరాకూ, స్టీరియోలోని రివర్స్ సంకేతపు వైరుకూ కరెంటు ఫ్యూజు ఉన్న వేరే వైరు నుంచి రిలే ద్వారా రావాలి. ఫిల్టర్ లేని మామూలు రిలే అయితే అదీ టకటకమని కొట్టుకుంటుంది.

మీది వెనుక తలుపు పైకి లేచే కారు అయితే, కెమెరా వైరును కంపెనీ వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం గుండానే లాగించండి. తలుపు సందులో నలిగిన వైరు బాడీకి తగిలితే రివర్స్ లైటు ఫ్యూజు కూడా పోయి, చీకట్లో కారు వెనక్కి వస్తోందని వెనుక ఉన్నవారికి తెలియదు.

ప్రశ్న: స్టీరియో, డాష్ కెమెరా పెట్టించాక, కారు రెండు రోజులు తీయకపోతే సెల్ఫ్ అందుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కారు ఆపి తాళంచెవి తీసేసినా ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. అర ఆంపియర్ లాగినా 48 గంటల్లో 24 ఆంపియర్-అవర్లు పోతాయి. చిన్న కార్ల బ్యాటరీ మొత్తం 35 ప్రాంతంలోనే ఉంటుంది. స్టీరియో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు, ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు వెళ్లాలి. రెండూ కలిపేశారేమో చూపించండి. డాష్ కెమెరాను పార్కింగులో కూడా నడిపించాలంటే, వోల్టేజీ తగ్గగానే కట్ చేసే కిట్ తప్పనిసరి. అప్పటికీ సమస్య తీరకపోతే, కారు లాక్ చేసి అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ వైపు మల్టీమీటరు పెట్టి కొలిపించండి. 50 మిల్లీ ఆంపియర్లకు మించి చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ రావాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో, దోషం ఆ లైనులో ఉన్నట్టు.