పోటు నీటి లెక్క ముందు, మొక్క లెక్క తర్వాత

ప్రశ్న: మాది తాళ్ళరేవు మండలం. డిగ్రీ చదివే 12 మందిమి కలిసి, అటవీ శాఖ అనుమతితో కోరంగి మడ అడవిలో ఖాళీగా ఉన్న చోట కిందటేడు 300 మొక్కలు నాటాం. ఎండాకాలం దాటేసరికి 40 మిగిలాయి. "అక్కడేం బతకదు, సరుగుడు వేసుకోండి" అని ఊళ్ళో పెద్దలు నవ్వుతున్నారు. మా తప్పెక్కడ? మళ్ళీ నాటాలంటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో మొక్కల లెక్క ఉంది గానీ, ఆ చోటికి పోటు నీరు నెలకు ఎన్నిసార్లు ఎక్కుతుందో, ఎన్నిసార్లు దిగుతుందో లేదు. నాకు తప్పు అక్కడే కనిపిస్తోంది.

మడ అడవి మధ్య ఖాళీ నేల చాలాసార్లు ఒకప్పుడు చెట్లు నరికేసిన చోటే. నీడ పోయాక నేల ఎండి, కుంగి, పళ్ళెంలా తయారవుతుంది. అమావాస్యకో పౌర్ణమికో నీరు ఎక్కుతుంది, పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, మాత్రం తిరిగి పోదు. ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. మే నెలలో వెళ్తే కాలి కింద తెల్లటి పెచ్చు పెళపెళలాడుతుంది. మడ ఉప్పుకు ఓర్చుకుంటుంది నిజమే, ఊరగాయ జాడీలో పెడితే అదీ చస్తుంది.

మొదట్లో నేనూ ఇదే చేశాను. నర్సరీలో ముద్దుగా పెంచిన ఉప్పుపొన్న అనే మడ జాతి మొక్కల్ని అలాంటి పళ్ళెంలోనే నాటి, ఫొటోలు దిగి వచ్చాను. సంక్రాంతికి పచ్చగా ఉన్నాయి, ఉగాదికి పుల్లలయ్యాయి. మమ్మల్ని తీసుకెళ్ళిన పడవ తాత ఒక్కటే అన్నాడు: "నీటిని అడక్కుండా పాతేస్తే ఎలాగండీ బాబూ?"

ముందు కాలవ తవ్వాలి. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, అచ్చం చేపముల్లులా. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేసి చూపిన పద్ధతే ఇది. గట్లు నిటారుగా కోయకండి, బురద జారి కాలవ పూడిపోతుంది. పోటుకు నీరొచ్చి, పాటుకు పోతూ ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు గట్టు వాలులో సగం ఎత్తున నాటాలి. మరీ కిందైతే మునిగి చస్తాయి, పైనైతే ఎండి చస్తాయి. అడవిలో పార దించాలంటే మొక్కల కోసం తెచ్చుకున్న అనుమతి చాలదు, కాలవలకు విడిగా అడగండి.

మొక్కలు కొననక్కర్లేదు. రాలిన తెల్లమడ కాయల్ని నీళ్ళలో వేస్తే పై తొక్క జారి లోపలి మొలక బయటపడుతుంది. ఉప్పుపొన్నకైతే చెట్టు మీదే మునక్కాడలా మొలక వేలాడుతుంది, నేరుగా బురదలో గుచ్చడమే.

సరుగుడు ఇసుక నేల చెట్టు, పైగా మన తీరానికి బయటి నుంచి వచ్చింది. రోజూ వేళ్ళు బురద నీళ్ళలో మునిగితే నిలవదు. తెల్లమడకు బురదలోంచి పెన్సిళ్ళలా లేచే ఊపిరి వేళ్ళుంటాయి. పీతలు, రొయ్య పిల్లలు దాక్కునేది వాటి మధ్యే. మీ పెద్దల్లో వేటకెళ్ళేవాళ్ళుంటే ఆ మాట చెప్పి చూడండి, నవ్వడం ఆపుతారు.

గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళతో కూడా ముందే మాట్లాడుకోండి. లేత మడ ఆకును అవి వదలవు.

మిగిలిన ఆ 40 ఎక్కడున్నాయో గుర్తు పెట్టారా? వాటి పక్కన కర్రలు పాతి, వచ్చే పౌర్ణమికి తడి ఎంత ఎత్తుకు వచ్చిందో గీత గీసి నాకు రాయండి. తిల్ల అనే మడ చెట్టు కొమ్మలు మాత్రం విరవకండి, వాటి నుంచి కారే పాలు కంట్లో పడితే ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది.