అక్లూజ్ ముందు, సావజీ తర్వాత
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది సాఖర్ పేట్. ఒకే బడిలో చదివిన స్నేహితులం ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నాం. ఒకడు సూరత్‌లో, ఒకడు భివండిలో, ఇంకొకడు హైదరాబాద్‌లో. జనవరి ఆఖరి వారం అందరూ సోలాపూర్ వస్తున్నారు. వారమంతా బయటే తినాలని, ఈసారి వైన్ కూడా రుచి చూడాలని వాళ్ల కోరిక. మాలో ఎవరికీ వైన్ అలవాటు లేదు. దానికోసం వైన్ తోటలున్న నాసిక్ దాకా వెళ్లాలా? కారంగా మండే మన సావజీ మటన్‌తో ఏ వైన్ బాగుంటుంది?
– ఒక పాఠకుడు, సోలాపూర్

జవాబు: నాసిక్ ఎందుకు తమ్ముడూ? మన జిల్లాలోనే అక్లూజ్ దగ్గర మోటేవాడిలో ఫ్రాటెల్లి అనే వైన్ కంపెనీ వాళ్ల తోటలు, వైనరీ ఉన్నాయి. ఇటలీ అన్నదమ్ములు, ఢిల్లీ అన్నదమ్ములు, అక్లూజ్ మోహితే పాటిల్ సోదరులు కలిసి పెట్టిన కంపెనీ అది. ముందుగా ఫోన్ చేసి బుక్ చేసుకుంటే తోట చూపించి, వైన్ రుచి చూపిస్తారు. దారి పండరిపురం మీదుగానే. విఠోబాకు దండం పెట్టి పక్క తాలూకాలో గ్లాసు పట్టుకోవడమేమిట్రా అని మా అమ్మయితే తిట్టేది. పొద్దున దర్శనం, మధ్యాహ్నం తోట అని పెట్టుకోండి, ఆ తర్వాత మీ మనస్సాక్షి మీది.

ఇక మటన్‌తో ఏ వైన్ అని అడిగారు. నన్నడిగితే ఏదీ వద్దు. పుణెలో హోటల్ బార్‌లో పనిచేసిన రోజుల్లో ఈ సరదా రోజూ చూసేవాణ్ణి. ఎర్రగా మండే మటన్ కూర, పక్కన ఖరీదైన రెడ్ వైన్. రెండు గుక్కలు పడగానే మనిషికి చెమటలు పట్టేవి, మంచినీళ్లు తెమ్మని కేకేసేవాడు. ఆల్కహాల్ కారం మంటను ఎగదోస్తుంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చే వగరు ఉంటుంది, కారం పక్కన అది ఇంకా మొరటుగా తగులుతుంది. డబ్బులు పోసి కొన్న సీసా రుచీ పోతుంది, సావజీ మసాలా రుచీ పోతుంది. ఆ మటన్‌కు జొన్నరొట్టె, ఉల్లిపాయ, పల్చటి మజ్జిగ చాలు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: అక్లూజ్ వారం మొదట్లో పెట్టుకోండి, కారం తర్వాతికి ఉంచండి. ముందురోజు రాత్రి సావజీ తిని వెళ్తే ఆ నోటికి ఎర్ర వైన్ ద్రాక్షల్లో సాంజియోవేసే ఏదో, కాబర్నే ఏదో తెలియదు. వచ్చినరోజు ఎవరింట్లోనైనా పప్పు, పచ్చిపులుసు, అన్నం తిని పడుకోండి. బయటి తిండి మర్నాటి నుంచి.

మీరు వస్తున్న జనవరి నెల మంచిది. మన దగ్గర ద్రాక్షతీగకు చలికాలం నిద్ర ఉండదు, అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక పంట కోసం ఇంకోసారి. ఆ పంట కోతకు వచ్చేది జనవరి నుంచి మార్చి మధ్యే. తోటలో గుత్తులు చూస్తారు, అనుమతిస్తే ఓ పండు నోట్లో వేసుకోండి. చిన్న పండు, మందపాటి తొక్క, విపరీతమైన తీపి.

రుచి చూసేటప్పుడు సిగ్గుపడొద్దు. గ్లాసు తిప్పి వాసన చూడండి, కొంచెం నోట్లో పుక్కిలించి, పక్కన పెట్టిన గిన్నెలో ఉమ్మేయండి. విదేశాల పెద్దమనుషులూ అదే చేస్తారు. తెల్లవాటితో మొదలుపెట్టి ఎర్రవాటికి వెళ్లండి. సెట్టె అని వాళ్లది బాగా పేరున్న రెడ్ ఉంది, సాంజియోవేసే, కాబర్నే సావిన్యోన్ కలిపింది, దాన్ని చివరికి ఉంచండి. బండి నడిపేవాడు మాత్రం ఒక్క చుక్కా ముట్టకూడదు. చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్, కానీ ఆ లెక్క దారిలో ఎవరు వేసుకుంటారు? డ్రైవర్‌ను మాట్లాడుకోండి.

ఇంటికి సీసా తెచ్చుకుంటే నా ఓటు చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌కు, అదీ కాస్త తీపి మిగిలిన రకం. ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి కడక్ రొట్టె, శేంగా (పల్లీల) చట్నీతో తాగండి. ఆ తీపి చట్నీ కారాన్ని కొంచెం ఓదారుస్తుంది. హుర్డా సీజన్ కూడా అదే, పొలంలో కాల్చిన లేత జొన్నల ముందు ఈ వైన్ భేషుగ్గా ఉంటుంది. అయితే పొలం యజమానిని ముందే అడగండి, చాలామంది అక్కడ మందు ఒప్పుకోరు. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలంటారు కదా, ఆ మాట 16–18 డిగ్రీల గదుల గురించి. మన గదుల్లో అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో సీసా వదిలితే ఇక అంతే.

మీ వారంలో 26వ తేదీ ఉంది, అది డ్రై డే, మద్యం అమ్మని రోజు. సావజీ ఆ రోజుకు పెట్టుకోండి, సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట, 1949 నాటి మద్యనిషేధ చట్టం ప్రకారం మహారాష్ట్రలో తాగడానికి పర్మిట్ కావాలి. ఒక్కరోజు పర్మిట్ తక్కువ ధరకే దొరుకుతుంది, తీసుకుని జేబులో పెట్టుకోండి. హైదరాబాద్ స్నేహితుడు సీసాలు ఊరికి పట్టుకెళ్తానంటే ముందు అక్కడి ఎక్సైజ్ రూల్స్ కనుక్కోమనండి.

ప్రశ్న: మావారికి షుగర్, మాత్రలు వాడతారు. రోజూ ఓ గ్లాసు వైన్ గుండెకు మంచిదని ఎవరో చెప్పారట, ఒకటే పట్టు పడుతున్నారు.
– ఒక గృహిణి, భివండి

జవాబు: గుండె పేరు చెప్పి తాగడం మానమనండి అక్కా. ఎంత తక్కువైనా ఆల్కహాల్ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. కొన్ని షుగర్ మాత్రలతో, ఖాళీ కడుపుతో తాగితే షుగర్ బాగా పడిపోవచ్చు. ముందు డాక్టర్‌ను అడగమనండి.

ప్రశ్న: మాకు సోనాకా ద్రాక్ష తోట ఉంది. ధర పడిపోయినప్పుడు ఇంట్లోనే వైన్ చేసుకోవచ్చా?
– ఒక రైతు, ఉత్తర సోలాపూర్ తాలూకా

జవాబు: లైసెన్స్ లేకుండా చేస్తే కేసు అవుతుంది అన్నా. అదీగాక మన నాన్నజ్‌లో పుట్టిన సోనాకా తినే ద్రాక్ష. పల్చటి తొక్క, గింజ లేదు, మంచి రెడ్‌కు కావాల్సిన రంగూ వగరూ అందులో రావు. ధర లేని ఏడాది కిస్‌మిస్ చేయించండి.