ఎద్దుకు దవడ గడ్డ, గొర్రెలకు దవడ కింద నీరు: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలం. మా ఆరు పళ్ల ఒంగోలు ఎద్దుకు కింది దవడ కుడిపక్క గడ్డ లేచింది. మూడు నెలల కింద నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు కొబ్బరికాయంత అయింది. మేత నమలలేక నోట్లోంచి వదిలేస్తోంది. చెరువులో నీళ్లు తీసిన చోట మేపినప్పటి నుంచి మా నలభై గొర్రెల్లో ఐదింటికి దవడ కింద సంచిలా దిగింది. రెండూ ఒకే జబ్బా? వాత పెట్టించమంటున్నారు, పెట్టించవచ్చా?

జవాబు: ఒకే జబ్బు కాదు. వాత మాత్రం రెంటికీ వద్దు.

ముందు వాపును చేత్తో చూడండి. బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి తీయండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే లోపల నీరు చేరినట్టు. రాయిలా గట్టిగా ఉండి ఎముకతో కలిసిపోయి కదలకపోతే ఎముకే వాచినట్టు. చర్మం కింద గుండ్రంగా అటూ ఇటూ జరిగితే చీముగడ్డ. ముట్టుకుంటే వేడిగా కాలుతూ, పశువు తల లాగేసుకుంటూ, గురక వస్తూ, జ్వరం 105–107 డిగ్రీలు ఉంటే అది గొంతువాపు వ్యాధి. గేదెల్లో ఇది ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది. ఆ లక్షణాలు కనిపిస్తే ఈ జవాబు చదువుతూ కూర్చోకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

మీ ఎద్దుది మీరు రాసినదాన్ని బట్టి దవడ ఎముక జబ్బు, ఆక్టినోమైకోసిస్ అనిపిస్తోంది. దీన్ని తెచ్చే సూక్ష్మజీవి పశువు నోట్లో మామూలుగానే ఉంటుంది. ముళ్లు, గట్టి జొన్న చొప్ప మొదళ్లు చిగురును గీరినా, పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నా ఆ సందులోంచి ఎముకలోకి దిగుతుంది. ఆరు పళ్ల వయసు సరిగ్గా అలాంటిదే. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. దవడ పళ్ల వేళ్లు కదిలాక నమలడం కష్టమవుతుంది. తర్వాత చర్మం పగిలి తేనెలా జిగురు చీము కారుతుంది. దాన్ని వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా పసుపు పలుకులు తగులుతాయి. అవి కనిపిస్తే జబ్బు దాదాపు ఖాయం. అయినా డాక్టరు చేత నోరు తెరిపించి చూపించండి. పన్ను విరిగినా, పక్క పశువు కొమ్ముతో పొడిచి ఎముక చిట్లినా పైకి ఇలాగే కనిపిస్తుంది.

వైద్యానికి సోడియం అయోడైడ్‌ను కిలో బరువుకు 70 మిల్లీగ్రాముల లెక్కన రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. 400 కిలోల ఎద్దుకు 28 గ్రాములు, అంటే పది శాతం ద్రావణం 280 మిల్లీలీటర్లు. 7–10 రోజులకొకసారి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. మందు నరం బయట పడితే అక్కడ చర్మం కుళ్లి ఊడుతుంది, కాబట్టి ఇది డాక్టరే చేయాలి. దీనితోపాటు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. నోటిద్వారా అయితే పొటాషియం అయోడైడ్ రోజుకు 6–10 గ్రాములు నీళ్లలో కలిపి 7–10 రోజులు. కళ్లలో నీళ్లు, ముక్కు కారడం, చర్మం మీద చుండ్రులా పొట్టు రాలడం మొదలైతే అయోడిన్ ఎక్కువైనట్టు, వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి. చూడి పశువుకైతే ఈ మందు ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం తెస్తుంది. పెరిగిన ఎముక తిరిగి పాత రూపానికి రాదు. జబ్బు ముందుకు పోకుండా ఆపడమే మనం ఆశించేది. గడ్డ కోయిస్తే లోపల ఉండేది ఎముక, రక్తం పోవడం తప్ప ఫలితం లేదు. చొప్పను సన్నగా నరికి తడిపి, తవుడు నానబెట్టి పెట్టండి. చీము కారుతుంటే వేరే గాడి దగ్గర కట్టేయండి.

గొర్రెల సంగతి వేరు. దవడ కింది సంచి పగలు తల వంచి మేసి వచ్చాక, సాయంత్రానికి పెద్దదై, తెల్లారేసరికి తగ్గుతుంటే అది రక్తంలో మాంసకృత్తులు పడిపోయి దిగిన నీరు. నెల్లూరు గొర్రెలకు గొంతు కింద వేలాడే మెడ చన్నులతో పొరబడకండి, అవి పుట్టుకతో ఉండేవే. కంటి రెప్ప కిందికి లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లబడితే లోపల ఏదో రక్తం తాగుతోంది. కార్జపు జలగలు ఒక కారణం, నాలుగో పొట్టలో ఉండే దారంలాంటి ఏలికపాములు మరో కారణం. పెంట కంపుతో నీళ్లలా పోతుంటే పొట్ట జలగల పిల్లలు. జలగల పిల్లలు నత్తల్లో పెరిగి, నీటి అంచు గడ్డికి అంటుకుని ఉంటాయి. చెరువు అడుగు ఎండేకొద్దీ నత్తలూ గడ్డీ ఒకచోటికే చేరతాయి, మనం మందను సరిగ్గా అక్కడికే తోలుతాం.

ఐదు జీవాల తాజా పెంట విడివిడిగా కవర్లలో పశువుల ఆసుపత్రికి ఇచ్చి, ఏ పురుగో తేల్చుకుని మందు తాపండి. జలగలు లోపలికి వెళ్లాక పది పన్నెండు వారాలు గుడ్లు పెట్టవు, కాబట్టి పరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన నిశ్చింత కాదు. కార్జపు జలగలకు ట్రైక్లాబెండజోల్ కిలోకు 10 మిల్లీగ్రాములు. 30 కిలోల గొర్రెకు 300 మిల్లీగ్రాములు. ఏలికపాములకు ఫెన్‌బెండజోల్ కిలోకు 5 మిల్లీగ్రాములు. ఎక్కువ మంది చేసే తప్పు, అన్ని జీవాలకూ ఒకే చెంచా కొలత. బరువుకు చాలని మందు పురుగును చంపదు, దానికి అలవాటు చేస్తుంది. నాలుగింటినైనా తూకం వేసి, గుంపులో బరువైనదాన్ని బట్టి మోతాదు పెట్టండి. అలాగని క్లోసాంటెల్ అనే మరో పురుగుల మందును మాత్రం మోతాదు దాటనివ్వకండి, ఎక్కువైతే జీవాల చూపు పోతుంది. తాపేటప్పుడు మూతి కంటి ఎత్తు దాటి పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సంచిని సూదితో గుచ్చి నీరు తీయకండి, మళ్లీ నిండుతుంది, పైగా చీము పడుతుంది. పురుగు పోయినా వాపు రెండు మూడు వారాలు ఉండొచ్చు. ఆ రోజుల్లో జీవానికి 100 గ్రాముల వేరుశనగ చెక్క పెడితే త్వరగా తేరుకుంటుంది.

ఒక జీవానికి దవడ కింద గట్టి బంతిలాంటిది జరుగుతూ ఉంటే అది నీరు కాదు, చీముగడ్డ. దాన్ని దొడ్డిలో పగలనివ్వకండి. చీము పడిన మట్టి మిగతా మందకు అంటిస్తుంది. వేరుగా కట్టి డాక్టరు చేత చీరించి, చీమును కాల్చేయండి.

మన జిల్లాల్లో పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో ఒకసారి నట్టల మందు తాపి ఊరుకుంటే ఆ వానల తర్వాత పట్టిన జలగలు అలాగే మిగిలిపోతాయి. జనవరి చివర మరోసారి తాపండి, చెరువు అడుగు గడ్డి వైపు మందను తోలడం మానండి.